నాగులేటి వంతెన మీద

ఏమండీ,

నాగులేరు మీద మీరు ఓవర్సీరుగా ఉండి మొదలుపెట్టిన వంతెనను, మీరు పోయిన ఏడాదికి, నిన్న తెరిచారు. తొలి బస్సు నేనూ ఎక్కాను.

వెళ్లకూడదనే అనుకున్నాను. మన గోడకు నా ఫోటో ఒక్కటీ లేదు, అన్నీ దేశదేశాల వంతెనల బొమ్మలే. రెండు ఒడ్ల నుంచీ ఇనప తాళ్లతో లాగిపట్టి కట్టుకొచ్చిన సిడ్నీ వంతెన కమాను నీళ్ల మధ్యలో ఎలా కలిసిందో అన్నం చల్లారేదాకా చెప్పేవారు. నేను కొత్త చీర కట్టుకుంటే మాత్రం మీ కంటికి కనబడేది కాదు. ఆ ఇనుమును చూస్తే నాకు ఒళ్లు మండేది.

బస్సులో నా పక్కన ఒక నిండు చూలాలు, వాళ్లమ్మ కూర్చున్నారు. వంతెన మీదికి రాగానే వాళ్లమ్మ, "ఏరు పొంగితే కాన్పుకి దాటించలేక చానా ఏడ్చినోళ్లం తల్లీ. దీన్ని కట్టినోడు ఏ తల్లి కన్నబిడ్డో, చల్లగుండాలి" అంది.

"మా ఆయనేనమ్మా" అన్నాను.

ఆమె నా బోసి నుదురు చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ పిల్ల మాత్రం నా చెయ్యి అందుకుని కళ్లకద్దుకుంది.

అది మీకు దక్కాల్సిన దణ్ణం. అయినా నేను చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఇన్నేళ్లూ మిమ్మల్ని వంతెనలే దక్కించుకున్నాయి. ఆ దణ్ణం ఒక్కటి నేను ఉంచుకుంటాను, మీరేమనుకున్నా సరే.