నల్ల సబ్‌మెరైన్ మీద నీ చెయ్యి

ఏమయ్యా,

బాగున్నవా అని అడిగే తీరు లేదు. వచ్చే ఆదివారానికి నువ్వు పోయి ఏడాది. ఇక్కడ మేము బాగనే ఉన్నం. నా మోకాళ్ళు ఎప్పటిలెక్కనే.

ఏడాది నాటికి గోడకు పెద్ద ఫోటో పెట్టాలె కదా. పెట్టె అంత వెతికిన. పెండ్లి ఫోటోల నువ్వు ఎవరో తిట్టినట్టు నిలబడ్డవు. బిడ్డ పుట్టువెంట్రుకల నాటి ఫోటోల కండ్లు మూసుకున్నవు. మంచిగ నవ్వింది ఒక్కటే దొరికింది... నేవీల ఉన్నప్పుడు సబ్‌మెరైన్ మీద నిలబడి దిగింది. మన లావణ్య చూసి, నాయిన గిట్ల కూడ నవ్వుతడా అన్నది. నాకూ ఇప్పుడే తెలిసింది బిడ్డా అని నేను అనలే.

ఆ రోజు దాని మీద వాళ్ళ జెండా దించి మన జెండా ఎక్కించిన్రని చెప్పినవు. చుట్టూ మంచు, నీ ఒంటి మీద బొంత లాంటి కోటు. అది ఆ చలి దేశంలనే పుట్టింది. సగం కట్టి ఏండ్లకేండ్లు మూలకు పడేసిన్రు. మళ్ళ కట్టిన్రు. మనోళ్ళు పదేండ్లకు కిరాయికి తెచ్చిన్రు. చూడు, దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ నాకు నోటికొస్తయి. నేను ఏ ఊరి బడిల చదివిన్నో నీకు తెలుసా?

"అణు ఇంజనే. గాలి కోసం పైకి రానక్కర లేదు. తాగే నీళ్ళు కూడ అదే చేసిస్తది. దానికేం అక్కర లేదు, తిండి అక్కర మాకే" అని మురిసేటోనివి. ఏదీ అడగనిదాంతోని ఎవరైనా సంసారం చేస్తరు. నేను ఉప్పు అయిపోయిందంటేనే మొఖం ముడిచేటోనివి.

విశాఖల ఉన్నప్పుడు ఒకనాడు దాన్ని చూపిస్తనంటివి. గేటు లోపలికి ఇంటోళ్ళను రానియ్యరాయె. బీచ్ కాడ నిలబెట్టి, వేలు చూపి, "గక్కడుంది" అన్నవు. నాకు నీళ్ళే కనపడ్డయి. సవతిని చూస్తందుకు కొత్త చీర కట్టుకొని పోయిన నేను!

లావణ్య పుట్టినప్పుడు నువ్వు దాంట్లనే ఉన్నవు. నువ్వొచ్చేసరికి పిల్ల బోర్ల పడుతున్నది. నీ బట్టలు ఎన్నిసార్లు ఉతికినా దాని నూనె వాసన పోలే.

కొలువు అయిపోయినంక నాచారం వస్తిమి. ఫ్యాక్టరీ గోడ పక్కన ఇల్లే కావాలన్నవు. ఆ మోటర్ల మోతకు గల్లీ అంత తిట్టుకునేది. నువ్వు మాత్రం ఒరగంగనే నిద్రపోయేటోనివి. కరెంటు పోయి మోత ఆగితే లేచి కూసునేటోనివి. ఏందయ్యా అంటే, "ఏం లేదు, పడుకో." ఆ మోత దేని లెక్క ఉంటదో నువ్వు చెప్పలే... చెప్పకుంటే నాకు తెల్వదనుకున్నవా?

కిరాయి గడువు తీరి ఆ సబ్‌మెరైన్ వాపస్ పోయిందని టీవీల వచ్చిన నాడు నువ్వు అన్నం ముట్టలే. మా నాయిన పోయిన నాడు మారు వడ్డించుకున్నవు.

నిన్న ఉప్పల్‌ల ఫోటో స్టూడియోకు పోయిన. మనిషిని ఉంచి, వెనకదాన్ని తీసెయ్యమన్న. నీ కుడిచెయ్యి దాని నల్ల గోడకు ఆనించి ఉన్నదంట. అది పోతే చెయ్యి కూడ పోతదంట. ఫికర్ చెయ్యకమ్మా, కంప్యూటర్ల ఇంకో చెయ్యి అతికిస్త అన్నడు స్టూడియో పిల్లగాడు.

ఎవరి చెయ్యయ్యా?

ఫోటో దగ్గరికి పెట్టుకొని చూసిన. బర్రె వీపు మీద వేసినట్టు మెల్లగ వేసినవు. నాకు జ్వరమొస్తే నుదురు మీద గట్లనే వేసేటోనివి. నా ఒక్కదానికే అనుకున్న ఇన్నాళ్ళు...

ఉండనియ్యి, ముట్టకు అని చెప్పి వచ్చిన.

ఆదివారం దండ నేనే తెస్త. బంతిపూలది, లావుది. ఒక దిక్కుకు జర జరిపి వేస్త. నీ మొఖం, ఆ చెయ్యి బయటికుంటయి. ఆ నల్లది మాత్రం పూల వెనక ఎవరికీ కనపడది. పూలు వాడిపోకముందే మారుస్త, నేనున్నన్ని రోజులు.

ఉంట మరి,
సుగుణ