ఆకులు ఎత్తేశాక

1956 సెప్టెంబరు 12
అయిపోయింది. పెరటాసి నెలలో తిరుపతికి ఈసారి నడక లేదు, బస్సు! భజన ముగియకుండానే తమ్ముడు వరదయ్య లేచి చెప్పాడు. "ఈ కాలంలో ఎవురన్నా నడస్తారా అన్నా? పొద్దున ఎక్కితే మధ్యాన్నానికి ఆడ. మర్నాడు బస్సువాడు కాళహస్తి కూడా చూపిస్తాడంట." అందరూ చప్పట్లు. దేవుడి దగ్గరికి పోతున్నారా, ఎగ్జిబిషన్‌కా?

14
నాయన కాలం నుంచీ మా భజన గోష్ఠికి ఒకటే కట్టుబాటు. ఎంత వెనకబడ్డా సరే, ఆఖరివాడు చేరేదాకా ఎవరూ ఆకు ముందు కూర్చోకూడదు. చిన్నప్పుడు కాళ్ళు బొబ్బలెక్కి నేను చీకటి పడ్డాక చేరితే, గోష్ఠిలోని షావుకార్లంతా పస్తుతో నా కోసం... ఇది చెబుతుంటే వరదయ్య పిల్లలు అరవంలో ఏదో అనుకుని నవ్వారు.

18
నేను నడుస్తాను. చెప్పేశాను. మా ఆవిడ రుక్మిణి మాత్రం బస్సులోనే. "నా మోకాళ్ళు ఒప్పుకోవు. మీరు పోండి, ఎవురు వద్దన్నారు?" పెళ్ళయిన ఏటి నుంచీ నా పక్కన నడిచిన మనిషి. నొప్పి నిజమే. అయినా మండింది.
వరదయ్య మాటిచ్చాడు — "ఇరవై ఎనిమిదో తేదీ శుక్రవారం రాత్రి తిరుపతి సత్రంలో కలస్తాం. నువ్వు వచ్చినాకే అన్నం, సరేనా?" నమ్మాను.

24
బయలుదేరాను. ఒక్కణ్ణే. మా పేట పురసవాక్కం దాటకముందే గొంతు ఎండింది. గోవిందా అంటే బదులు పలికేవాడు లేడు.

26
వాన. పాదాలు పగిలాయి. ఎవడు నడవమన్నాడు?

28
పుత్తూరు దాటాక బస్సు నన్ను దాటింది. కిటికీల్లోంచి చేతులు, "గోవిందా!" అని కేకలు. నేనూ అరిచాను. ఎంత సంతోషమేసిందో, సిగ్గులేని మనసు!

29
రాత్రి రాయలేకపోయాను. సత్రం చేరేసరికి ఆకులు ఎత్తేశారు. వంటవాళ్ళు గంగాళాలు తోముతున్నారు. వరదయ్య పుల్లతో పళ్ళు కుట్టుకుంటూ — "పిల్లకాయలు ఆకలని ఏడస్తా ఉంటే ఏం చేసేది అన్నా?" పిల్లలు సరే, పెద్దాళ్ళకేం రోగం?
రుక్మిణి వైపు చూశాను. ఆమె అయినా ఆగి ఉంటుందని.
"నేనూ తినేస్తిని. బస్సులో వాంతులై కడుపు ఖాళీ అయిపోయింది, ఆగలేకపోతి." తల వంచుకోలేదు. నాకని తీసి ఉంచిన అన్నం తెచ్చి పెట్టింది.
ఒక్కణ్ణే కూర్చుని తిన్నాను. పులుసు బ్రహ్మాండంగా ఉంది. అదే ఒళ్ళు మండించింది.

అక్టోబరు 3
వచ్చే ఏటికి బస్సు ఇప్పుడే మాట్లాడేశాడట వరదయ్య. తిరుపతితో పాటు కంచి కూడానట. గుమ్మంలో నిలబడి అడిగాడు — "నీకూ సీటు చెప్పేదా అన్నా?"
నేను పగిలిన పాదాలకు ఆముదం రాసుకుంటున్నాను.
లోపలి నుంచి రుక్మిణి — "వరదయ్యా, నాకు కిటికీ పక్కన పెట్టించు."