సగంలో ఆగిన స్నానాలగది, దాని పన్ను

కళ్లద్దాల దుకాణం నడిపి మానుకున్న నేను, డెబ్బై నాలుగేళ్ల వయసులో, మతి నిలకడగా ఉండగా, ఎవరి ప్రోద్బలమూ లేకుండా రాయిస్తున్న వీలునామా ఇది. దీన్ని అమలు జరిపే బాధ్యత నా కూతురిది.

1. ఇల్లు కొడుకుకీ కూతురికీ చెరిసగం. అమ్మేనాడు తగవు రాకూడదని జరిగింది చెబుతున్నాను. మీ అమ్మ మోకాళ్లనొప్పులతో మేడ ఎక్కలేకపోతే, కింద స్నానాలగది కట్టమని కాంట్రాక్టరుకు ఒప్పజెప్పాను. అతను గోడ పగలగొట్టి, గొట్టాలు వేసి, మిగతా పనికి అడ్వాన్సు తీసుకుని రావడం మానేశాడు. కోర్టులో గెలిచాను. అతని దగ్గర చిల్లిగవ్వ లేదు, నెలనెలా కొంత చొప్పున వడ్డీతో కట్టమన్నారు.

2. పన్నుల పని చూసే నా కొడుకు, "మోసం చేశాడని ఫిర్యాదివ్వు నాన్నా. దొంగతనం అయితే ఆ నష్టం ఆదాయంలోంచి తగ్గిస్తారు. పని ఎగ్గొట్టాడంటే అది సొంతింటి నష్టం, ఏమీ తగ్గదు" అన్నాడు. చట్టం వాడు చెప్పినట్టే ఉంది. అయితే కోర్టు వరండాలో కాంట్రాక్టరు, "మేస్త్రీ పరంజా మీంచి పడ్డాడండీ, మీ డబ్బు ఆసుపత్రిలో కట్టేశాను" అన్నాడు. వెళ్లి మేస్త్రీని చూశాను. దొంగ అని రాయడానికి చెయ్యి రాలేదు. పన్ను పూర్తిగా కట్టాను. కొడుకు ఏడాదిపాటు నాతో మాట్లాడలేదు.

3. ఇల్లు అమ్మితే, వేసిన గొట్టాల ఖర్చు ఇంటికి మనం పెట్టిన ఖరీదుకు కలపండి. లాభం మీద పన్ను ఆ మేరకు తగ్గుతుంది. పోయిన అడ్వాన్సు కలపకండి. కాంట్రాక్టరు నెలనెలా ఇచ్చే అసలు మన సొమ్మే, ఆదాయం కాదు. వడ్డీకి మాత్రం పన్ను కట్టాలి.

4. చూపు పరీక్షించే అద్దాల పెట్టె కొడుకుకు. చిన్నప్పుడు దాన్ని ముట్టుకుని నా చేత తిట్లు తిన్నాడు. ఇక ఎవరూ తిట్టరు.

5. "పూచీ నాది బావా" అంటూ కాంట్రాక్టరును తెచ్చి, ఆపైన మొహం చాటేసిన బావమరిదికి నా గొడుగు. చినుకు పడగానే తప్పుకునే మనిషికి పనికొస్తుంది.

6. మీ అమ్మ ఉన్ని శాలువా పక్కింటి కుట్టుపని ఆవిడకు. మీ అమ్మ చివరి నెలలన్నీ వాళ్లింట్లోనే స్నానం చేసింది. ఆవిడ అడక్కముందే నీళ్లు కాచి ఉంచేది.

7. కాంట్రాక్టరు మిగిలిన బాకీ కూతురికి. మాఫీ చేయమని చాలామంది చెప్పారు. తువ్వాలు భుజాన వేసుకుని పక్కింటి గడప ఎక్కింది నేను కాదు, కాబట్టి మాఫీ చేసే హక్కు నాకు లేదు. వసూలు చేయమ్మా. అతని పిల్లల ముందు మాత్రం అడగొద్దు.

మార్చి పదకొండున, చదివించుకుని విని చేసిన సంతకం:
కళ్లద్దాల దుకాణం యజమాని

సాక్షులు:
మా వీధి డాక్టరు
దుకాణంలో అద్దాలు అరగదీసిన పనివాడు