జడలమ్మ ఆకులు

ఇంటి నుంచి,
ఆదివారం మధ్యాహ్నం.

గౌరవనీయులైన వదినగారికి,

మీ మరిది నమస్కరించి రాస్తున్నాను. మీరూ అన్నయ్యగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మేమిద్దరం బాగున్నాం. మేమిద్దరం అని కావాలనే రాశాను.

మీ ఉత్తరం అందింది. పరీక్షలు అయిన మర్నాడే వచ్చి అమ్మాయిని తీసుకెళ్తామనీ, బట్టలూ పుస్తకాలూ సర్ది ఉంచమనీ రాశారు. ముందు దానికి జవాబు రాసేస్తాను, మిగిలిన సంగతులు తర్వాత. సర్దను. అమ్మాయి ఎక్కడికీ రాదు.

నేనింత కటువుగా రాయగలనని మీరు అనుకుని ఉండరు. నేనూ అనుకోలేదు. నోట్లో నాలుక లేని మనిషిని చేసుకుంటున్నావే అని పెళ్లినాడు మీరు మీ చెల్లెలితో అన్నారట. నిజమే. ఇనుప సామాను కొట్టులో లెక్కలు రాసేవాడికి మాటలతో పెద్దగా పని పడదు. నా చదువు కూడా బడిలో అబ్బింది తక్కువ, ముసలి గుమస్తా వెనక కూర్చుని నేర్చుకున్నది ఎక్కువ. అందుకే కిందటిసారి మీరు వచ్చినప్పుడు నోరు పెగల్లేదు. కాగితం ముందు ఆ ఇబ్బంది లేదు.

ఆ రోజు జరిగింది మీకు గుర్తుండే ఉంటుంది. ముందుగదిలో కిటికీ పక్కన స్టూలు మీదున్న కుండీ దగ్గర ఆగారు. మీ చెల్లెలి మొక్క. పొడుగాటి సన్నటి ఆకులు, వాటి మధ్య నుంచి కిందికి వేలాడే కాడలు, కాడల చివర పిల్లమొక్కలు. దాని అసలు పేరు ఈ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆవిడ జడలమ్మ అనేది, మేమూ అదే అంటాం. మీరు ఒక ఆకు తుంచి, గోధుమరంగుకు తిరిగి కరకరలాడుతున్న కొనని వేళ్లతో నలిపి, నా టీకప్పు పక్కన పెట్టారు. అది పోయి ఏడాదైనా కాలేదు, దాని మొక్క గతి ఇదీ, మొక్కనే చూసుకోలేనివాడివి ఎదిగే పిల్లని ఏం చూసుకుంటావయ్యా అన్నారు. అన్నయ్యగారు ఇక ఊరుకోవే అన్నా మీరు ఊరుకోలేదు. పరీక్షలు కానీ, పట్టుకుపోతాను అనేసి లేచారు.

మీరు వెళ్లాక కప్పు తీసి కడిగాను. ఆకు మాత్రం తీయబుద్ధి కాలేదు. అసలు ఈ మొక్కకి ఏమొచ్చిందో తేల్చుకుని తీరాలని ఆ పూటే అనుకున్నాను. రోజూ లెక్క రాసుకునే పుస్తకంలో దానికీ గడులు గీశాను. ఎండ, నీళ్లు, గాలి.

అడిగినవాళ్లు తలో మాట చెప్పారు. కింది వాటాలో దర్జీ ఆవిడ, ఎండ దెబ్బ కొట్టింది, నీడకి జరుపు అంది. గది మూలకి జరిపాను. మా కొట్టు యజమాని, నీడలో పెడితే చావదా మరి, వెలుతురు చూపించు అన్నాడు. మళ్లీ కిటికీ దగ్గరికి తెచ్చాను. అద్దెకి ఇల్లు దొరకనివాడిలా జడలమ్మ మూటాముల్లెతో ఇల్లంతా తిరిగింది. ఫ్యాను గాలికి ఆకులు ఎండుతాయని ఇంకెవరో అంటే ఫ్యాను కట్టేసి, చెమటలు కక్కుతూ కూర్చున్నాం. జబ్బు జడలమ్మకైతే మందు మనకా బాబాయ్ అంది అమ్మాయి.

బాబాయ్ అంటే గుర్తొచ్చింది. ఆ పిల్ల నిన్ను నాన్నా అని కూడా పిలవదు, నీకేం హక్కుంది అని రాశారు. పిలవదు. ఇదే మేడ మీద గదిలో నేను ఒంటరిగా అద్దెకున్న రోజుల నుంచి దానికి లెక్కల బాబాయిని. మీ చెల్లెలూ నేనూ పెళ్లి చేసుకున్నప్పుడు ఆ పిలుపు మార్చమని అడగలేదు. ఇప్పుడూ అడగను. పోయిన వాళ్ల నాన్న ఫొటో దాని గదిలో గోడకి ఉంది. ఆ మేకు కొట్టింది నేనే.

మీరు నోటితో అనని మాట ఇంకొకటి ఉంది. ఎదిగే ఆడపిల్ల, సొంత తండ్రి కాని మనిషి, ఒకే ఇల్లు. మీరు అనలేదు, కానీ గది గదీ తిరిగి చూసిన తీరులో నాకు వినపడింది. కోపం రాలేదు. మీ స్థానంలో ఎవరున్నా చూడాల్సిందే. దాని గది తలుపుకి లోపలివైపు గడియ ఉంది, చూశారో లేదో. మీ చెల్లెలు పోయాక నా చేతులతో బిగించాను. నాకు చెప్పలేని మాట ఏదున్నా దర్జీ ఆవిడకి చెప్పుకుంటుంది. ఏం చెప్పిందని నేను ఆవిడని అడగను.

సరే, మొక్క సంగతి. ఎవరి మాటా పనిచేయకపోయేసరికి, కుండీని చంకన పెట్టుకుని మొక్కలు అమ్మే అతని దగ్గరికి బస్సెక్కాను. ఇదెక్కడ దిగుతుంది, దీనికీ టికెట్టు కొట్టనా అని కండక్టరు వేళాకోళం. మొక్కల అతను ఆకుల వంక చూడనేలేదు. కుండీ అంచున మట్టి మీద తెల్లగా పొర కట్టి ఉంటే గోటితో గీకాడు. నాలుక చివర అద్దుకుని మొహం చిట్లించి, దీన్ని పెంచుతున్నారా సార్, ఉప్పులో ఊరబెడుతున్నారా అన్నాడు.

ఉప్పు! నా పుస్తకంలో ఆ గడే లేదు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఎంత ఆలోచించినా తట్టలేదు. మర్నాడు పొద్దున వంటింట్లో తేలింది. అమ్మాయి బడికి పట్టుకెళ్లడానికి రోజూ కోడిగుడ్లు ఉడకబెడతాను. వంట నాకు కొత్త కదా, మొదట్లో పెంకులు పగిలి సొన అంతా నురగలా నీళ్లలోకి వచ్చేసేది. నీళ్లలో ఉప్పు వేస్తే పగలవని కొట్టుకి వచ్చే ఒకాయన చెప్పాడు. గుప్పెడు వేశాను. గుడ్లు గుడ్లలా వచ్చాయి. నా వంట మీద నాకే కొంచెం గౌరవం కలిగింది. ఉడికిన నీళ్లు ఏమవుతున్నాయో ఎప్పుడూ పట్టించుకోలేదు. నేను స్నానం చేసి వచ్చేసరికి గిన్నె బోర్లించి ఉండేది.

ఆ రోజు స్నానానికి వెళ్లకుండా నిలబడి చూశాను. అమ్మాయి గిన్నె రెండు చేతులా పట్టుకుని, చల్లారాయో లేదో వేలు ముంచి చూసి, తీసుకెళ్లి జడలమ్మకి పోసింది. వాళ్లమ్మ అలాగే చేసేది. ఆవిడ నీళ్లలో ఉప్పు ఉండేది కాదు, అంతే తేడా.

ఇందులో తప్పెవరిదో మీరే చెప్పండి వదినగారూ. తల్లి అలవాటు అది వదల్లేదు. దాని గుడ్డు పగలకూడదని నేను ఉప్పు వేశాను. ఎవరి పని వాళ్లం శ్రద్ధగా చేసి మొక్కకి జబ్బు తెచ్చాం. ఎండిన కొనలో మీకు నా అశ్రద్ధ కనపడింది. ఇంకోసారి చూడండి.

ఆ తర్వాత మట్టి మార్చాం. స్నానాలగదిలో కొళాయి కింద పెట్టి, అడుగు చిల్లుల్లోంచి తేట నీళ్లు వచ్చేదాకా కడిగాం. అమ్మాయిని గుడ్ల నీళ్లు పోయడం మానమనలేదు. నేను ఉప్పు వేయడం మానేశాను. గుడ్లు మళ్లీ పగులుతున్నాయి. పగిలిన గుడ్లే తింటున్నాం, రుచిలో ఏం తేడా లేదు.

ఎండిన కొన మళ్లీ పచ్చబడదు సార్, దానికోసం చూడకండి, కొత్త ఆకు కోసం చూడండి అని మొక్కల అతను ముందే చెప్పాడు. కొత్త ఆకులు వచ్చాయి. చివరిదాకా పచ్చగా ఉన్నాయి. ఒక్కటే అర్థం కావడం లేదు. పాత ఆకుల ఎండు కొనలు మాయమవుతున్నాయి. రాలడం కాదు, ఎవరో కోసినట్టు తిన్నగా పోతున్నాయి. ఎప్పుడూ కత్తెర చేతిలో ఉండే మనిషి కదా అని దర్జీ ఆవిడని అడిగాను. ఊళ్లోవాళ్ల బట్టలు కత్తిరించడానికే నాకు తీరిక లేదు, నీ మొక్కకి క్షవరం కూడా చేయాలా అని కసిరింది. ఆ సంగతి ఇంకా తేలలేదు.

జడలు వేయడం రాదన్నారు. దర్జీ ఆవిడ దగ్గర దారపు పురులతో నేర్చుకున్నాను. ఎడమ జడ బాగానే వస్తుంది. కుడిది ఇంకా వంకరే. అమ్మాయి ఆ వంకరతోనే బడికి వెళ్తోంది.

ఆ పిల్లనే అడుగు, మాతో వస్తానంటుందో లేదో అని రాశారు. అడగను. పెద్దవాళ్లం అటొకరం ఇటొకరం నిలబడి, ఎవరు కావాలో తేల్చుకో అని తల్లి పోయిన పిల్లని నిలదీయడం నా వల్ల కాదు. మీరన్న మాట ఒక్కటీ దాని చెవిన పడనివ్వలేదు. ఆ రోజు అది వంటింట్లో అన్నం తింటూ ఉంది, ఏమీ వినలేదు. మీ ఉత్తరం సంగతి కూడా తెలియదు.

మీ బాధ నాకు తెలియదనుకోకండి. అది నవ్వితే మీ చెల్లెలే నవ్వినట్టు ఉంటుంది. ఆ రోజు మీరు దాన్ని చూస్తూ మాట మధ్యలో ఆగిపోవడం నేను గమనించాను. నాకూ అప్పుడప్పుడు అలాగే అవుతుంది. మీరు వచ్చి ఎన్నాళ్లు కావాలంటే అన్నాళ్లు ఉండండి. సెలవులకి మీ ఇంటికి పంపిస్తాను కూడా, తిరుగు టికెట్టు నా జేబులో పెట్టుకుని. కానీ ఆ పిల్ల ఇల్లు ఇదే. పదిమందిని పోగేసి మాట్లాడిస్తామన్నారు, అవసరమైతే కోర్టుకెక్కుతామన్నారు. తీసుకురండి. ఎంతమంది వచ్చినా అందరికీ టీ ఇస్తాను. పిల్లని ఇవ్వను.

అన్నయ్యగారికి నా నమస్కారాలు చెప్పండి.

ఇట్లు,
మీరు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా
మీ మరిది.

తాజాకలం: ఉత్తరం మడిచాక కవరు అంటించడానికి జిగురు కోసం అమ్మాయి బడిసంచీ వెతికాను. జామెట్రీ బాక్సులో ఉంటుందేమోనని తెరిస్తే, స్కేలు కింద ఎండు ఆకుల కొనలు. అన్నీ తిన్నగా కత్తిరించినవే. బాక్సు నా చేతిలో ఉండగానే అది ఆటల నుంచి వచ్చింది. చెమట తుడుచుకోవడం కూడా మర్చిపోయి గుమ్మంలోనే నిలబడిపోయింది. ఏమిటమ్మా ఇవి అన్నాను. పెద్దమ్మ వచ్చేసరికి ఒక్క ఎండు ఆకు కూడా కనపడకూడదు బాబాయ్, కనపడితే నన్ను పట్టుకుపోతుంది అంది. ఆ రోజు పళ్లెం ముందు లేదు. వంటింటి తలుపు వెనక నిలబడి అంతా విందట. అప్పటి నుంచి పొద్దున్నే, నేను లేవకముందే, ఎండిన చోటల్లా కత్తిరించి దాస్తోంది.

అది ఏమీ వినలేదని పైన రాశాను. తప్పు. కొట్టేయను, అలాగే ఉంచుతున్నాను. దాన్ని అడగమన్నారు. నేను అడగలేదు.

కత్తెర తీసి అటక మీద పెట్టాను. ఎండు కొనలు ఉంటే ఉండనీ, పెద్దమ్మ చూసినా ఏమీ అనదు అని మీ తరఫున మాటిచ్చేశాను. నమ్మినట్టు లేదు. మీరు వచ్చినప్పుడు జడలమ్మ దగ్గర ఆగండి, ఎండిన కొనలు చూడండి, వచ్చి కూర్చుని టీ తాగండి. ఏం మాట్లాడినా కాస్త చూసుకుని మాట్లాడండి. అది తలుపు వెనకే ఉంటుంది.