గింజ చితకని యంత్రం

అవ్వా,

నీకు చదవడం రాదు, ఇప్పుడు నువ్వు లేవు కూడా. అయినా ఈరోజు నా విత్తే యంత్రం మన చేలో నడిచింది కాబట్టి నీకే రాయాలి.

మొదట, క్యామ్ అనే వంకర బిళ్ల తిరుగుతూ గింజను సాలులోకి నెట్టే గట్టి కడ్డీని తోసేది. ఆ కడ్డీ వేరుశనగ గింజలను చితక్కొట్టేది. దాని బదులు పలుచని స్ప్రింగు పట్టీ పెట్టాను. గింజ తగిలితే అది, నాగలి వెనక విత్తనం వదిలే నీ వేలిలా వంగుతుంది. వంగితే కదలిక ఆలస్యమవుతుంది కనుక, గింజ సరైన చోట పడేలా క్యామ్ వంపును మళ్లీ మళ్లీ గీసి మార్చాను.

"వంగే ఇనుము యాడ విత్తుతాదిమ్మే! ఉండే విత్తనమంతా పాడు చేస్తావు," అని నాయన వెక్కిరించాడు. తర్వాత తనే సాలు తవ్వి చూశాడు. ఒక్క గింజకూ పొట్టు లేవలేదు.

"మీ అవ్వ ఏసినట్లే ఉండాది. మొలిస్తే అప్పుడు మాట్లాడు," అన్నాడు.

వచ్చే శుక్రవారంలోగా జవాబివ్వు అవ్వా. సాలు పొడుగునా మొలకలు కనబడితే చాలు, వాటినే నీ జవాబుగా నేను చదువుకుంటాను.