జాండీస్ అంటే పసుపే

నవంబర్ 9, ఉదయం

మొన్న పొద్దున అన్ని పొద్దుల మాదిరే తెల్లారింది. స్నానం చేసి నరసింహస్వామికి దీపం పెట్టి, ఉగ్గానికి బొరుగులు నానేసినా. ఆవాలు చిటపటమంటాండాయి. చిన్నతమ్ముడు మహేష్ వాకిట్లో పళ్లు తోముకుంటా, బజ్జీ లేని ఉగ్గాని ఎవరు తింటారక్కా అని నవ్వినాడు. ఎండ వాని కండ్లల్లో పడింది. కంటి తెల్లగుడ్డంతా పసుపు. ఆవాలు మాడిపోయినాయి.

మధ్యాహ్నమే పెద్దతమ్ముడు కిరణ్ వాణ్ణి సంజామల దిక్కు తీసుకుపోయి, ఆకువైద్యం చేసే బుడేన్ మామతో పచ్చకామెర్ల పసరు పోయించినాడు. అయిదు దినాలకోసారి, ఇంకా రెండుమార్లు పోయాలంట. అందాక చప్పిడి కూడు. సూది పడకూడదు. ఇంట్లో తాలింపు వాసన తగిలినా పసరు విరుగుతాదంట.

నవంబర్ 12

రాత్రంతా గోక్కుంటానే ఉన్నాడు. అన్నం ముట్టలే.

నవంబర్ 14

మహేష్ కూతురు వర్షిణి నంద్యాల నుంచి వచ్చింది. నర్సింగ్ చదువుతాంది. విరేచనం సున్నం రంగులో పోతాందా అని అడిగింది. మహేష్ సిగ్గుపడి తలూపినాడు. లోపల పైత్యం దోవ మూసుకుపోయి ఉంటాది, స్కాన్ తీయాల అనింది.

కిరణ్ కసిరినాడు. జాండీస్‌కు స్కాన్ ఏందే, బుడేన్‌కే పాఠం చెప్తావా అని.

జాండీస్ అనేది రోగం పేరే కాదు పెద్దనాయనా అనిందది. పాత ఫ్రెంచి మాటంట, పసుపు అనే అర్థమంట. దానికి తాత ఒక లాటిన్ మాట, పసుపూ ఆకుపచ్చా కలిసిన రంగంట, మన పచ్చకామెర్లలో పచ్చ మాదిరి. వాళ్లకూ అప్పుడు కన్నే కనపడింది, లోపల కనపడలే అనింది.

అయితే రంగు దిగితే చాలు కదా అని కిరణ్ నవ్వినాడు.

నవంబర్ 15

ఆ మాట వదలడం లేదు. యాడో ఆ దేశంలో ఒక అక్క, ఇట్లే తమ్ముని కన్ను చూసి, పసుపు అని ఉంటాది. అంతకు మించి ఏమీ తెలియక. ఆ తమ్ముడు ఏమైనాడో.

నవంబర్ 16, పొద్దున

చలిజ్వరం. రెండు దుప్పట్లు కప్పినా వణుకుతాండాడు. నన్ను అమ్మా అంటాండాడు.

ఆస్పత్రికి పోదామని వర్షిణి నా కాళ్లు పట్టుకుంది. ఇంకొక్క పసరే ఉంది, రేపటితో అయిపోతాది, ఇప్పుడు సూది పడితే అంతా వృథా అంటాడు కిరణ్. తెలివొచ్చినప్పుడు మహేష్‌దీ అదే మాట. ఆ ఒక్కటీ కానీ అక్కా అని.

స్వామి ముందు కూర్చున్నా. మంత్రం నోటికి రాలే.

సాయంత్రం

తాలింపు పెట్టినా. నూనె, ఆవాలు, ఎండుమిరపకాయలు. ఇల్లంతా ఘాటు.

కిరణ్ ఉరికొచ్చి, పత్యం విరిచినావా అక్కా అన్యాడు. విరిచినా అన్నా.

వాడు కారు తాళాలు తీసుకున్యాడు. నంద్యాలకు పోతాండాం.