ఊచల్లేని కిటికీ, ఇరవై ఒక్క టిక్కులు

అక్టోబరు 5, ఆదివారం

ఉదయం 11:00. ఇంటావిడ వచ్చి వెళ్లింది. ఇంటి అద్దె కాగితాలు మాత్రం ఇవ్వలేదు. మూడు వారాలు చూసి ఇస్తుందట. ఏం చూస్తుంది? మా గుణగణాలా? కాదు, గోడలు! గోడకు చెమ్మ పట్టిందా, మేం బయటికే. పట్టకూడదంటే ప్రతి గదిలో కిటికీ రోజుకు రెండుసార్లు, పదేసి నిమిషాలు బార్లా తెరవాలి. ఈ ఒక్క ముక్క చెప్పడానికి ఆవిడకు ముప్పావు గంట పట్టింది. పది వేళ్లూ చూపించింది, గడియారం చూపించింది, గోడను తట్టి ముక్కు మూసుకుంది. నాకు ఇక్కడి భాష రాదని నటన మొదలెట్టింది కానీ, చేస్తున్నకొద్దీ ఆవిడకే సరదా పుట్టినట్టుంది. వెళ్తూ వెళ్తూ నా గదిలో గాలి తేమ చూపించే బుల్లి మీటరు ఒకటి పెట్టింది. అంకె అరవై దాటకూడదట.

"కిటికీకి కూడా డోసా అక్కా? పొద్దునొకటి, సాయంత్రం ఒకటి, తిన్న తర్వాతా, తినకముందా?"

"నోర్మూసుకుని రాసుకో. పొద్దున్నే ఆరింటికల్లా నేను డ్యూటీకి పోవాలి. నా గది నేను చూసుకుంటా. నీ గది నీది."

అక్క ఇక్కడి ఆసుపత్రిలో నర్సు. మూడేళ్లు నర్సుల హాస్టల్లో, ఒక గదిలో నలుగురితో ఉంది. నాకు ఇక్కడ ల్యాబ్ ట్రైనింగులో సీటు రాగానే హాస్టల్ ఖాళీ చేసి ఈ ఇల్లు వెతికింది. ఇది పోతే అక్క తిరిగి హాస్టల్‌కి. నాకు అక్కడ చోటులేదు కాబట్టి నేను తిరిగి విమానానికి.

మధ్యాహ్నం 3:00. కిటికీని పరిశీలించాను. నడుం దాకా గోడ. పైన అద్దం. అద్దం తీస్తే ఆకాశం. అంతే! ఒక్క ఊచ లేదు, జాలీ లేదు. మూడో అంతస్తు! తలుపు బయటికి కాదు, లోపలికి తెరుచుకుంటుంది, మన మొహం మీదికి. పిడి పక్కకి తిప్పితే మామూలు తలుపులా వస్తుంది. పైకి తిప్పితే పైభాగం మాత్రం లోపలికి వాలుతుంది, బస్సులో పక్కసీటువాడు నిద్రలో మన భుజం మీదికి వాలినట్టు. ఒక పిడికి రెండు బుద్ధులు. దీన్ని కనిపెట్టినవాడికి ఇంట్లో మాట చెల్లుబాటు కానట్టుంది.

సాయంత్రం 5:00. తీర్మానం! ఇరవై ఒక్క రోజులు. రోజుకు రెండుసార్లు. బార్లా. సణుగుడు లేకుండా. ఫ్రిజ్ మీద చార్టు అంటించాను. అక్క చూసి, "నీ చేతిరాత ఇంత బాగుంటుందని తెలీదే" అంది.

అక్టోబరు 6, సోమవారం. మొదటి రోజు

8:00. తెరిచాను. బార్లా!

8:02. ఏముంది ఇందులో? అనవసరంగా ఇంత రాద్ధాంతం.

8:10. మూశాను. పది నిమిషాలూ తలుపు దగ్గరే నిలబడ్డాను, అంటే గది తలుపు దగ్గర. కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడాలని చార్టులో లేదు. మీటరు 52. టిక్కు.

అక్టోబరు 7, మంగళవారం

8:04. తల దువ్వుకుని, అలవాటుగా దువ్వెనను కిటికీ ఊచల మధ్య దోపాను.

ఊచలు లేవు.

8:05. దువ్వెన రోడ్డు మీద ఉంది.

మా ఇంట్లో కిటికీ ఊచ అంటే ఊచ ఒక్కటేనా? దువ్వెనకు స్టాండు, తువ్వాలుకు దండెం, అద్దానికి మేకు, పిన్నీసులకు పెట్టె. ఇక్కడివాళ్లు పాపం దువ్వెన ఎక్కడ పెట్టుకుంటారో.

8:15. బెల్లు మోగింది. ఎదురింటి పెద్దాయన. వీధికి అవతల, సరిగ్గా నా కిటికీకి ఎదురు కిటికీ ఆయనది. దానికి పరదా లేదు, ఆయనకి సిగ్గు లేదు. రోజంతా బనీనుతో మొక్కలకు నీళ్లు పోస్తూ ఉంటాడు. దువ్వెన నా చేతిలో పెట్టి, ఆకాశం వైపు చూపించి, భుజాలెగరేసి వెళ్లిపోయాడు. దువ్వెనల వాన అనుకున్నాడేమో.

టిక్కు.

అక్టోబరు 9, గురువారం

8:00. చలి. బార్లా తెరిచేంత చలి కాదిది. పిడి పైకి తిప్పి వాల్చాను. వాలింది కూడా తెరిచినట్టే కదా. సగం టిక్కు పెడితే చార్టు అందం చెడుతుంది, అందుకని పూర్తిగా పెట్టాను.

5:00. సాయంత్రం డోసు: తలనొప్పి. టిక్కు.

అక్టోబరు 11, శనివారం

ఇవాళ నా బుర్రకు నేనే దండం పెట్టుకోవాలి.

బట్టలారేసుకునే మడత స్టాండు ఉంది కదా, స్టీలు కడ్డీలది. దాన్ని నిలబెట్టి కిటికీకి ఆనించాను. ఊచలు! అచ్చం ఊచలు! దువ్వెన దోపాను, నిలిచింది. తువ్వాలు వేశాను, నిలిచింది. మంచం మీద కూర్చుని కాసేపు అలా చూస్తూ ఉండిపోయాను. ఇన్నాళ్లకు ఈ గది గదిలా ఉంది.

ఒకే చిక్కు. స్టాండు అడ్డం ఉంటే కిటికీ లోపలికి తెరుచుకోదు.

అక్క తొంగిచూసి, "బట్టలారాక అది తీసెయ్యవే, దారికి అడ్డం" అంది.

తీసేస్తానన్నాను. ఖాళీగా ఉంటే అనుమానం వస్తుందని వారం బట్టలూ ఉతికి దానిమీదే ఆరేశాను.

టిక్కు, టిక్కు.

అక్టోబరు 14, మంగళవారం

మీటరు 66. యంత్రం పాడైంది.

4:30. దాన్ని పట్టుకెళ్లి అక్క గదిలో పెట్టాను. 51. చూశారా, నా గదిలోనే దానికి పడటం లేదు. అక్కడే ఉండనిచ్చాను.

రాత్రి అక్క వచ్చి చూసింది. "మీటరు ఇక్కడుందేంటే?"

"నీ గదిలో గాలి బాగుందక్కా. దానికీ కాస్త మార్పు ఉంటుందని."

"నీకేమైనా పిచ్చా?"

నవ్వింది. పద్నాలుగు గంటలు నిలబడి వచ్చిన మనిషి దేనికైనా నవ్వుతుంది.

అక్టోబరు 17, శుక్రవారం

ఈ వారానికి మిగిలిన టిక్కులన్నీ ఇవాళే పెట్టేశాను. రోజూ పెన్ను వెతుక్కోవడం దేనికి?

ఎదురింటాయన పిచ్చి ముదిరింది. సరిగ్గా ఎనిమిదింటికి కిటికీ బార్లా తెరిచి, ఒంటిమీద బనీను తప్ప ఏం లేకుండా (లుంగీలాంటిది ఏదో ఉందనుకుంటున్నాను), మోచేతులు ఆనించి, సగం శరీరం బయట పెట్టి వీధి చూస్తాడు. వారసులెవరో గట్టిగానే ఎదురుచూస్తూ ఉండుంటారు.

అక్టోబరు 20, సోమవారం

ఇవాళ జరిగింది ఎవరికీ చెప్పను. డైరీకి చెప్పక తప్పదు.

7:50. గదిలో తడి గోనెసంచి వాసన. మీటరు తెచ్చి చూశాను. 74. సరే, తెరిచేద్దాం! స్టాండు లాగేశాను. పిడి పక్కకి. తలుపు వచ్చింది. చల్లగాలి మొహాన కొట్టింది. వద్దులే, వాల్చుదాం అనుకుని, తెరిచిన తలుపును అలాగే ఉంచి పిడి పైకి తిప్పాను.

7:52. టక్‌మంది. తలుపు పైమూల చట్రంలోంచి ఊడి వచ్చింది. నా బరువున్న అద్దం తలుపు, కింద ఒక్క మూల మీద వేలాడుతూ నా మీదికి! రెండు చేతులా పట్టుకున్నాను.

వదిలితే లోపల పడితే నేను. బయట పడితే రోడ్డు మీద ఎవరో ఒకరు. ఫోను మంచం మీద. అక్క ఆసుపత్రిలో. నేను గడియారానికి ఎదురుగా, అద్దాన్ని కౌగిలించుకుని.

8:00. ఎదురుకిటికీ తెరుచుకుంది. బనీను పెద్దాయన నన్ను చూశాడు. నేను ఆయన్ను చూశాను. మాయమయ్యాడు.

8:06. బెల్లు. "రాలేనండీ! చేతులు ఖాళీ లేవు!" అని తెలుగులో అరిచాను. ఆయన ఆయన భాషలో ఏదో అరిచాడు. ఇద్దరం కాసేపు అలా మర్యాదలు చేసుకున్నాం. వెళ్లిపోయాడు.

8:12. మళ్లీ ఎదురుకిటికీలో. రెండు చేతులూ పైకెత్తాడు. వదిలెయ్ అంటున్నాడు. నేను తల అడ్డంగా ఊపాను. మళ్లీ ఎత్తాడు. నీదేం పోయింది తాతా, నలిగేది నేను!

8:30. చేతులు నావి కాకుండా పోయాయి. ఒక్కో వేలే తీశాను. పదో వేలు కూడా తీసి కళ్లు మూసుకున్నాను.

ఏమీ కాలేదు.

అది పడదు. కింది మూల ఒక్కటే దాన్ని మోస్తుంది, అలా చేశారట (తర్వాత ఫోన్లో చూశాను). ముప్పై ఎనిమిది నిమిషాలు నేను పట్టుకున్నది, పడనే పడని దాన్ని.

అప్పుడు పెద్దాయన తన కిటికీ దగ్గర నిలబడి పాఠం మొదలెట్టాడు. పైమూల చట్రానికేసి నొక్కాడు. నేను నొక్కాను. తలుపు మూసి పిడి పక్కకి, తర్వాత కిందికి. క్లిక్! వీధికి అటూ ఇటూ ఇద్దరం ఒకేసారి. ఆయన చప్పట్లు కొట్టాడు. నాకు ఏడుపొచ్చింది. పరదా వేసేశాను.

9:30. ఇంతవరకూ చలి అని రాశాను, తలనొప్పి అని రాశాను. అవేం కాదు. భయం. తెరిచిన కిటికీకి అడుగు దూరంలోకి కూడా వెళ్లలేను. మా ఇంటికి ఊచలు, బడికి ఊచలు, బస్సుకు ఊచలు. కాలేజీ హాస్టల్‌కి ఊచలు, ఊచల మీద వల, వల మీద దుమ్ము, దుమ్ముకు అవతల వార్డెన్. ఇరవై నాలుగేళ్లలో మధ్యలో ఏమీ అడ్డం లేకుండా బయటికి చూసింది లేదు. డిగ్రీలో ఫస్టు క్లాసు. కిటికీ తెరవడంలో సున్నా.

9:40. స్టాండు మళ్లీ ఆనించాను.

అక్టోబరు 25, శనివారం

రేపే ఇంటావిడ వస్తుంది. గది సర్దుదామని స్టాండు జరిపాను.

కిటికీ పక్క మూలలో గోడ నల్లగా ఉంది. నేలనుంచి నా మోకాలి దాకా, కాటుక పులిమినట్టు. రుద్దాను. ఇంకా వెడల్పయింది. చున్నీ మేకుకు తగిలించి కప్పబోతుంటే వెనక అక్క.

గోడ చూసింది. తర్వాత వంటింట్లోకి వెళ్లి చార్టు పట్టుకొచ్చింది.

"ఇవన్నీ ఏంటే?"

"టిక్కులు."

"రేపు సాయంత్రానికి కూడా పెట్టావ్!"

చున్నీ మేకుకు తగిలించేశాను.

"మా హాస్టల్లో కిటికీ పక్క మంచానికి లిస్టుండేది, తెల్సా? సీనియారిటీ ప్రకారం. నా వంతు రావడానికి రెండేళ్ల రెండు నెలలు పట్టింది. తల పక్కనే కిటికీ. డ్యూటీ నుంచి వచ్చి పడుకుంటే మొహం మీద గాలి తగిలేది. నీకు సీటొచ్చిందనగానే ఆ మంచం వదిలేసొచ్చానే. ఇప్పుడు పోతే మళ్లీ లిస్టులో ఆఖరు నేనే."

"భయమేసిందక్కా."

"ఏది చూసి?"

కిటికీ వైపు చూపించాను. నవ్వుతుందనుకున్నాను. ఈసారి నవ్వలేదు.

"మరి చెప్పొచ్చుగా! నేను పక్కన నిలబడేదాన్నిగా! టిక్కులు పెట్టడానికి లేదే భయం!"

తలుపు వేసుకుంది. అన్నం తినలేదు. నేనూ తినలేదు, ఎవరూ పెట్టలేదు కాబట్టి.

అక్టోబరు 26, ఆదివారం. ఇరవై ఒకటో రోజు

11:00. ఇంటావిడ. చున్నీ నేనే తీసేశాను. ఆవిడ గోడ చూసింది, మీటరు చూసింది (78), స్టాండు చూసింది, చార్టు చూసింది. ఎవరు పెట్టారని టిక్కు మీద వేలు పెట్టింది. అక్క నోరు తెరిచేలోపు, నాకు వచ్చిన రెండు ముక్కల్లో చెప్పేశాను.

"నేను. అబద్ధం."

ఇంటావిడ కరగలేదు. ఆవిడ కరిగే రకం కాదు. సంచిలోంచి ఘాటు వాసన మందు సీసా, గరుకు బ్రష్షు తీసి నా చేతికిచ్చింది. అవి ముందే సంచిలో పెట్టుకుని వచ్చింది, గమనించండి! కుర్చీ లాక్కుని కూర్చుని, గంటంపావు నాచేత గోడ తోమించింది. మధ్యలో వదిలేసిన చోట్లు వేలితో చూపించింది. స్టాండును స్వయంగా మోసుకెళ్లి స్నానాలగదిలో పడేసింది.

తర్వాత అక్కతో ఏదో చెప్పింది.

"ఏమందక్కా? సామాను సర్దనా?"

"ఇంకో మూడు వారాలట. చార్టు వద్దట. రోజూ ఎనిమిదింటికి మన వీధిలోంచే నడిచి వెళ్తుందట. పైకి చూస్తుందట. కిటికీ తెరిచి ఉంటే సరిపోదు, అందులో నువ్వు కనపడాలట."

"నేనా! ఇది ఇంటి షరతా, కక్షా?"

"నేనే చెప్పాను, నీకు భయమని."

నమ్మకద్రోహి! అన్నం మాత్రం ఇద్దరం కలిసే తిన్నాం.

అక్టోబరు 27, సోమవారం. మొదటి రోజు

5:40. అక్క డ్యూటీకి వెళ్లబోతూ నన్ను లేపి కిటికీ దగ్గరికి లాక్కెళ్లింది. నడుం పట్టుకుంది. "ఒక్క నిమిషం. కిందికి చూడొద్దు, ఎదురుగా చూడు." చూశాను. ఎదురుగా, వీధి దీపం వెలుగులో, మొక్కలు.

8:00. ఒక్కదాన్నే. పిడి పక్కకి. బార్లా. ఒక అడుగు. ఇంకో అడుగు. రెండు చేతులూ గోడమీద.

8:03. గోడ పట్టు వదల్లేదు. చూపు ఎదురు మొక్కల మీదే.

8:04. ఎదురింటాయన బనీనుతో ప్రత్యక్షం. నన్ను చూసి మొక్కల నీళ్లు ఆపి నిలబడ్డాడు. పని లేదా ఈ మనిషికి?

8:05. భయం మరిచిపోవడానికి తల దువ్వడం మొదలెట్టాను. సగం దువ్వి, పాయ తీద్దామని దువ్వెనను అలవాటుగా...

8:06. ఛీ. ఛీ. ఛీ!

దువ్వెన వెళ్లి ఇంటావిడ చెప్పుల ముందు పడింది. ఆవిడ వంగి తీసింది. తుడిచింది. తన సంచిలో వేసుకుంది. పైకి చూసి, నవ్వకుండా, పది వేళ్లు చూపించింది.

ఇంకా నాలుగు నిమిషాలు. నిలబడ్డాను.

8:10. మూశాను. మీటరు 57.

సగం తలతోనే క్లాసుకు పోవాలి ఇవాళ. రేపటినుంచి కొత్త దువ్వెన స్నానాలగదిలో, ఆ స్టాండుకి.